గ్లాడియుస్ అసలు లాటిన్ మాటేనా? రోమన్ ఆయుధాల పేర్లు, వాటి పుట్టుక

అక్షరవనం
అందరికీ నమస్కారం. రోమన్ సేనాని సీజర్ రాసుకున్న గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల కథనాన్ని ఒక చిన్న పత్రిక కోసం తెలుగులోకి తెస్తున్నాను. మొదటి భాగం సగం అయ్యేసరికి ఒక చిక్కు వచ్చి పడింది. రోమన్ సైనికుడు విసిరే పీలుం, గాల్ వాళ్లు విసిరే మతారా, త్రాగులా, ఆల్ప్స్ కొండజాతుల గేసుం, ఇవన్నీ నా దగ్గరికి వచ్చేసరికి "ఈటె" అయిపోతున్నాయి. మిగతా రోమన్ రచయితలను తిరగేస్తే హస్తా, లాంకెయా కూడా తోడయ్యాయి. కత్తుల సంగతీ అంతే. గ్లాడియుస్ కత్తే, ఎన్సిస్ కత్తే, స్పాథా కత్తే. వాళ్లు వేరువేరు మాటలు వాడారంటే వాళ్ల పాఠకులకు తేడా తెలుసన్నమాట. మన పాఠకుడికి అది అందకపోతే ఎలా?

ఇంకో సంగతి. గ్లాడియుస్ అసలు లాటిన్ మాటే కాదని ఈ మధ్య చదివాను. గ్లాడియేటర్ అన్న మాట దాని నుంచే వచ్చింది కదా, రోమన్లకు అంతకన్నా సొంత ఆయుధం ఏముంది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

లాటిన్‌పంతులు
సెమినరీలో లాటిన్ చదువుకున్నాను, తర్వాత కూడా వదల్లేదు. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

లాటిన్‌కు పుట్టుకతో వచ్చిన కత్తి పేరు గ్లాడియుస్ కాదు, ఎన్సిస్. ఇది సంస్కృతంలోని "అసి"కి సొంత తోబుట్టువు. మన "అసిధార" అన్న మాటలో ఉన్నది అదే. ఎన్సిస్‌కీ అసికీ పోలిక ఎక్కడ అని అడుగుతారేమో. లాటిన్‌లో "ఎన్" ఉన్నచోట సంస్కృతంలో ఉత్త "అ" ఉండటం ఒక పద్ధతి ప్రకారం జరిగేదే. వాళ్ల కెంతుం మన శతం. వాళ్ల మెంతెం మన మతి. అదే దారిలో వాళ్ల ఎన్సిస్ మన అసి. మూల భాషలో అక్కడ ఒక నకారం అచ్చులాగా పలికేది, లాటిన్ దాన్ని ఎన్ చేసుకుంది, సంస్కృతం అ చేసుకుంది.

కానీ వాడుకలో ఎన్సిస్ నిలబడలేదు, కావ్యాలకే పరిమితమైపోయింది. రోమన్ కవి వర్జిల్‌లో ఎన్సిస్ కావలసినంత కనిపిస్తుంది, సీజర్ మాత్రం గ్లాడియుస్ అనే రాస్తాడు. మనమూ పద్యంలో అసి అంటాం, ఇంట్లో కత్తి అంటాం, అదే తీరు.

ఇక గ్లాడియుస్. ఇది కెల్టిక్ భాషల నుంచి తెచ్చుకున్నదని ఎక్కువమంది భాషావేత్తల మాట. వెల్ష్‌లో కత్తిని క్లెదివ్ అంటారు, పాత ఐరిష్‌లో క్లైదెవ్. స్కాట్లండ్ వాళ్ల పెద్దకత్తి "క్లేమోర్"లో మొదటి సగం కూడా ఇదే. కార్తేజ్‌తో యుద్ధాల కాలంలో రోమన్లు స్పెయిన్‌లో కెల్టిబేరియన్ల కత్తి చూశారు, దాన్నే సైన్యానికి తెచ్చుకున్నారు. దాని పూర్తి పేరు గ్లాడియుస్ హిస్పానియెన్సిస్, అంటే స్పెయిన్ కత్తి. అది ఎక్కడిదో దాచుకోలేదు వాళ్లు.

ఆ కత్తి ఎలాంటిదో రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన ఒక ఘట్టం చూడండి. క్రీ.పూ. 200లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్, పోరులో చనిపోయిన తన గుర్రపుదళం వాళ్లను అంత్యక్రియలు చేయించడానికి శిబిరానికి తెప్పించాడు. వాళ్లకు గౌరవం చేస్తే మిగతావాళ్లు ఉత్సాహంగా పోరాడతారని ఆయన ఆశ. జరిగింది వేరు. అంతవరకూ బాణం గాయాలు, ఈటె పోట్లు మాత్రమే చూసిన సైనికులు భుజంతో సహా తెగిపోయిన చేతులు, మొండెం నుంచి వేరైన తలలు చూసి వణికిపోయారు. అది స్పెయిన్ కత్తి పని అని లివీ పేరుపెట్టి మరీ రాశాడు.

హన్మకొండ_చిన్నోడు
మాస్టారూ, మస్తుగ చెప్పిన్రు. నాదొక డౌటు. అసి–ఎన్సిస్ చుట్టాలైతే హస్తా కూడా మన హస్తమే కదా? చేతిలో పట్టుకునేది కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటరు. అక్షరం కూడా మారలేదు.

శబ్దశోధిని
తమ్ముడూ, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఈ రెండూ చుట్టాలు కావు.

లాటిన్ హస్తాకు నిఘంటువులు చూపించే బంధువు గోతిక్ భాషలోని "గజ్డ్స్". దానికి ముల్లుకర్ర, కోల అనే అర్థాలు. మధ్యలోని ఆ "జ్డ్" చూడండి. మూలంలో అక్కడ గట్టిగా పలికే ధకారం ఉంటే తప్ప గోతిక్‌లో అలా రాదు. అంటే హస్తా మొదట్లో కర్ర, కొమ్మ లాంటిది, చివర ఇనుము తొడిగాక ఈటె అయింది. మన హస్తానికి ఆ ధకారం ఎప్పుడూ లేదు. పాత ఇరానియన్ భాష అవెస్తాలో దాని జత "జస్త", అర్థం చెయ్యే. పాత పారసీకంలో "దస్త", తర్వాతి పారసీలో "దస్త్". మనం రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు మీద దస్కత్తు పెడతామే, ఆ రెండు మాటల్లోనూ ముందున్నది ఈ దస్త్. హస్తం బంధువులు కావాలంటే అక్కడ వెతకాలి, రోమన్ ఆయుధశాలలో కాదు.

ఎక్కడెక్కడి మాటలైనా శబ్దం కలిసిందంటే చాలు ఒకటే అనేసుకోవడం వల్ల అసలైన చుట్టరికాలు మరుగున పడిపోతాయి. ఎన్సిస్, అసి రెండూ పైకి ఒకేలా లేవు, కానీ ఒకటే. హస్తా, హస్తం ఒకేలా ఉన్నాయి, కానీ వేరు. ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి, అందుకే ఇంత రాశాను.

హస్తా గురించి ఇంకొకటి. రోమన్లు దాన్ని అధికారానికి గుర్తుగా కూడా వాడేవారు. యుద్ధంలో దోచిన సొమ్ము అమ్మేచోట ఒక ఈటె పాతేవారు. "సుబ్ హస్తా" అంటే ఈటె కింద, అంటే బహిరంగ వేలంలో. స్పానిష్‌లో ఇప్పటికీ వేలాన్ని సుబాస్తా అంటారు, ఇటాలియన్‌లో ఆస్తా. పెళ్లికూతురి పాపట కూడా హస్తా కేలిబారిస్ అనే ఈటె మొనతోనే తీసేవారు. మన సీమంతంలో ఏదుపంది ముల్లుతో పాపట తీయమని గృహ్యసూత్రాలు చెబుతాయి. రెంటికీ సంబంధం ఉందని నేను అనను గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

అక్షరవనం
శబ్దశోధిని గారూ, ధన్యవాదాలు. మరి "హస్తాతీ" అనే దళం ఉంది కదా, వాళ్లు హస్తా పట్టేవాళ్లా? పీలుం పట్టినట్టు చదివాను. ఇక్కడే నాకు టెన్షన్.

లాటిన్‌పంతులు
మీరు చదివింది కరెక్టే. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పోలిబియుస్ వర్ణించిన సైన్యంలో ముందు వరస హస్తాతీలు, చేతిలో మాత్రం పీలుం. హస్తా పట్టింది వెనక వరస త్రియారీలు. ఆయుధం మారింది, దళం పేరు పాతదే ఉండిపోయింది. కాబట్టి హస్తాతీని "ఈటెల దళం" అని అనువదించకండి, పేరు అలాగే ఉంచండి.

ఈ మాటల తేడా ఒకే వాక్యంలో కావాలంటే రోమన్ చరిత్రకారుడు టాసిటస్ "అన్నాలెస్" 12వ పుస్తకం చూడండి. బ్రిటన్‌లో రోమన్లను ఎదిరించిన నాయకుడు కారాతాకుస్ మనుషులు ఇటు తిరిగితే లీజియన్ సైనికుల గ్లాడియుస్‌లకూ పీలుంలకూ, అటు తిరిగితే సహాయక దళాల స్పాథాలకూ హస్తాలకూ బలయ్యారని రాస్తాడు. నాలుగు ఆయుధాలు, రెండు రకాల సైనికులు. ఎవరి చేతిలో ఏముందో చూస్తే ఎవరు రోమన్ పౌరుడో, ఎవరు కాదో తెలిసిపోతుంది. దీన్ని "కత్తులు, ఈటెలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ వాక్యంలో ఏమీ మిగలదు.

గోదారిగట్టు
మాస్టారూ, గ్లాడియుస్ కెల్టిక్ అంటున్నారు గానీ రోమన్ పండితుడు వర్రో వేరేలా చెప్పాడు. క్లాదేస్, అంటే విధ్వంసం, దాని నుంచే గ్లాడియుస్ వచ్చిందన్నాడు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాడికి తెలియంది మనకు తెలుసా?

లాటిన్‌పంతులు
వర్రో (క్రీ.పూ. 116–27) అంటే నాకు చాలా గౌరవం. లాటిన్ భాష మీద ఆయన రాసిన 25 పుస్తకాల్లో ఆరే మిగిలాయి, అవి కూడా లేకపోతే మనకు ఎన్నో మాటలు తెలిసేవే కావు. కానీ ఆయన కాలానికి భాషల్ని పోల్చి చూసే శాస్త్రం లేదు. మన యాస్కుడి నిరుక్తంలోలాగే, మాటలోని శబ్దాన్ని దాని అర్థానికి దగ్గరగా ఉన్న మరో మాటతో ముడివేయడమే పద్ధతి. క్లాదేస్‌లో క, గ అయిపోయి గ్లాడియుస్ వచ్చిందన్నాడు. ఆ తర్వాత ఆరేడు శతాబ్దాలకు సెవిల్ బిషప్ ఇసిడోర్ ఇంకోటి చెప్పాడు: గులాం, అంటే గొంతును చీల్చేది కనుక గ్లాడియుస్ అట. రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా.

అయినా వర్రోని పక్కన పెట్టేయకండి. లోరికా, అంటే కవచం, "లోరుం" నుంచి వచ్చిందన్నాడు. లోరుం అంటే తోలుపట్టీ. ఇది నిలబడే మాట. మొదట పచ్చితోలుతో ఛాతీకి కవచాలు చేసుకునేవారట, తర్వాత గాల్ వాళ్ల నుంచి ఇనుప కడియాలతో అల్లిన చొక్కా వచ్చి అదే పేరుకింద చేరిపోయిందట. అక్కడా అదే కథ చూడండి: వస్తువు శత్రువుది, పేరు మాత్రం ఇంటిది. గ్లాడియుస్‌కేమో రెండూ బయటివే. ఇంకోచోట స్కూతుం, అంటే డాలు, పలుచగా కోసిన చెక్కలతో చేస్తారని ఆయన చెబుతాడు. ఆ మాట పుట్టుక గురించి చెప్పింది తప్పే, ఐరిష్ స్కియా, పాత స్లావిక్ ష్చీత్ దాని అసలు బంధువులు. కానీ తయారీ గురించి చెప్పింది అక్షరాలా నిజం. సిరియాలోని దూరా యూరోపోస్‌లో 1930ల తవ్వకాల్లో ఒక స్కూతుం దొరికింది. సన్నని చెక్క బద్దలు మూడు పొరలుగా, అడ్డం నిలువు పేర్చి అతికించినది. మన ప్లైవుడ్ లాగే. మీటరుకు కొంచెం ఎక్కువ ఎత్తు, క్రీ.శ. మూడో శతాబ్దం నాటిది, ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. వంపు తిరిగిన ఆ రకం డాలు మొత్తంగా మిగిలింది అదొక్కటే.

సినిమాల్లో అడ్డపట్టీల ఇనుప కవచం చూపిస్తారు చూడండి, "లోరికా సెగ్మెంతాతా". ఆ పేరు ఏ రోమన్ రచయితా రాయలేదు, తర్వాతి కాలం పండితులు పెట్టుకున్నది. వాళ్లు దాన్ని ఏమని పిలిచేవారో ఎక్కడా దొరకదు.

పాతనాణెం
స్కూతుం అన్నారు కాబట్టి నాణేలవాడిగా ఒక మాట. డాలు బొమ్మ వేసిన నాణేలకు ఆ పేరే వచ్చింది. ఫ్రాన్సులో ఎక్యూ, ఇటలీలో స్కూదో, పోర్చుగల్‌లో ఎస్కూదో, అన్నీ స్కూతుం పిల్లలే. గోవాలో పోర్చుగీసు పాలన చివరి ఏళ్లలో చెల్లిన డబ్బు ఎస్కూదో. నా దగ్గర ఒకటుంది.

ఇంకో ఆయుధం, ఇంకో నాణెం. సీజర్‌ను చంపాక బ్రూటస్ క్రీ.పూ. 42 ప్రాంతంలో ఒక వెండి దెనారియుస్ వేయించాడు. ఒకవైపు తన ముఖం, మరోవైపు రెండు బాకులు, వాటి నడుమ బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునే టోపీ, కింద "ఈద్ మార్" అనే అక్షరాలు, అంటే మార్చి 15. రెండు బాకుల పిడులూ ఒకేలా ఉండవు, శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది. ఆ బాకును లాటిన్‌లో పుగియో అంటారు. పుంగెరె, అంటే గుచ్చడం, ఆ ధాతువే. మన సైకిల్ పంక్చర్ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది.

సీకా అని ఇంకో బాకు ఉంది, వంకర తిరిగినది, థ్రేస్ మనుషులది. దాన్ని బట్టలో దాచుకుని తిరిగేవాడు సికారియుస్. క్రీ.పూ. 81లో రోమన్ నియంత సుల్లా హంతకుల మీద, విషం పెట్టేవాళ్ల మీద తెచ్చిన చట్టం పేరులోనే ఈ మాట ఉంది. స్పానిష్‌లో కిరాయి హంతకుణ్ణి ఇవాళ్టికీ సికారియో అంటారు.

వడిసెలరాయి
నా పేరు చూసే ఉంటారు. వడిసెల గురించి ఎవరూ మాట్లాడలేదేంటి అని ఆగలేక రాస్తున్నాను.

మా దిక్కు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పేవాళ్లు. పేనిన తాడు, నడుమ రాయి పెట్టే గూడు. ఒక కొస వేలికి తగిలించుకుంటారు, రెండో కొస చేతిలోనే పట్టుకుని గిరగిరా తిప్పి సరిగ్గా సమయానికి వదులుతారు. తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్ల మీద ఆడవాళ్లు కూడా ఇదే పట్టారు. రోమన్ల ఫుండా అచ్చంగా ఇదే. స్పెయిన్ దగ్గరి బలేయారిక్ దీవుల మనుషులు దీనికి పేరుమోసినవాళ్లు, రోమన్ సైన్యంలో వాళ్లే వడిసెల దళం.

రాయికి బదులు సీసం పోసి చేసిన గుండ్లు వాడేవారు. వాటి పేరు గ్లాన్స్, అంటే ఓక్ చెట్టు కాయ, ఆకారం అలా ఉంటుంది కాబట్టి. థైరాయిడ్ గ్లాండ్ అంటామే, ఆ గ్లాండ్ కూడా "చిన్న ఓక్ కాయ" అనే మాటే. క్రీ.పూ. 41–40లో ఇటలీలోని పెరూసియా ముట్టడిలో విసిరిన గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటి మీద అక్షరాలు పోతపోసి ఉన్నాయి, ముట్టడి వేసిన ఆక్టేవియన్‌ని, ఎదుటి పక్షం ఫుల్వియాని, లూసియుస్ ఆంటోనియుస్‌ని తిడుతూ. ఇక్కడ రాయలేని తిట్లు. ఏ చరిత్రకారుడూ రాసుకోని సైనికుడి గొంతు ఆ సీసం ముక్కల మీద మిగిలింది.

అక్షరవనం గారూ, ఫుండా వచ్చినచోట దయచేసి "రాళ్లు విసిరే తాడు" అని రాయకండి. వడిసెల అని రాయండి.

అక్షరవనం
తప్పకుండా అండీ. "వడిసెల" మా నాయనమ్మ నోట విన్న మాట, రాసేటప్పుడు ఎందుకో తట్టలేదు.

హన్మకొండ_చిన్నోడు
మరి ఈ ఆయుధాల పేర్లలో నేరుగా తెలుగులోకి వచ్చింది ఒక్కటన్నా ఉందా?

శబ్దశోధిని
ఉంది తమ్ముడూ, పండక్కి అందరూ పట్టుకునేదే. ఇస్పేటు!

స్పాథా మొదట గ్రీకు మాట. చదునైన చెక్క అని అర్థం, మగ్గం మీద పోగును దగ్గరికి కొట్టే చెక్కను కూడా అలాగే అనేవారు. పొడుగాటి కత్తికి ఆ పేరు రోమన్లు తీసుకున్నారు. సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో గ్లాడియుస్‌ను ఈ స్పాథా పక్కకు నెట్టేసింది, యుద్ధవిద్య మీద వెగెతియుస్ రాసేనాటికి పెద్దకత్తులు స్పాథాలు, చిన్నవి సెమిస్పాథాలు. అందుకే ఇటాలియన్‌లో కత్తి స్పాదా, స్పానిష్‌లో ఎస్పాదా, ఫ్రెంచిలో ఎపే. ఇటలీ, స్పెయిన్ పేకల్లో ఒక రంగుకు గుర్తు కత్తులే. ఇంగ్లిషువాళ్లు ఆ పేరు తీసుకుని స్పేడ్ అన్నారు. మనకు అది ఇంగ్లిషువాళ్ల ముక్కల్లోంచి వచ్చినా, పోర్చుగీసువాళ్ల ముక్కల్లోంచి వచ్చినా ఇస్పేటు వెనక ఉన్నది స్పాథాయే. వంటింట్లో అట్టు తిప్పే స్పాచులా కూడా దాని చిన్నరూపం.

గోదారిగట్టు
విల్లు గురించి ఒక మాట. లాటిన్‌లో విల్లు ఆర్కుస్, దాని నుంచే లెక్కల్లో ఆర్క్. మన లెక్కల పుస్తకంలో దాన్ని చాపం అంటారు, అదీ విల్లే. రెండు చివరలూ కలిపే గీత జ్యా, అంటే అల్లెతాడు.

శబ్దశోధిని
అవును, ఆ జ్యా తిరిగిన దారి ఇంకా బాగుంటుంది. ఆర్యభటుడు వాడిన జ్యా, జీవా అరబ్బుల దగ్గర "జీబ" అయింది. అచ్చులు రాయని లిపి కావడంతో అదే అక్షరాల్ని తర్వాత "జైబ్" అని చదివారు. జైబ్ అంటే బట్ట మడత, మన జేబు ఆ మాటే. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు మడతకు వాళ్ల మాట "సినుస్" అని రాశారు. సైన్ అలా పుట్టింది. మన అల్లెతాడు లాటిన్‌కు వెళ్లి జేబుగా మారిందన్నమాట.

అక్షరవనం
ఇవన్నీ చదువుతుంటే పని పక్కనపెట్టి ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది. మళ్లీ నా ఈటెల దగ్గరికి వస్తాను. పీలుంకి ఏం పెట్టమంటారు? గాల్ వాళ్ల మాటలకు?

లాటిన్‌పంతులు
పీలుం అన్న మాటకు లాటిన్‌లో రోకలి అనే అర్థం కూడా ఉంది. పిన్సెరె, దంచడం, దాని ధాతువు, సంస్కృతంలో పిష్. మన పిష్ట పదార్థం అందులోదే. బరువైన చెక్క, దానికి సన్నని పొడుగాటి ఇనుప కడ్డీ. క్రీ.పూ. 58లో హెల్వెతీలు అనే గాల్ జాతి మీద పోరులో ఇది ఎలా పనిచేసిందో మీ మొదటి పుస్తకంలోనే ఉంది. ఒకే పీలుం ఒకటికి మించిన డాళ్లను కలిపి గుచ్చేసింది, ఇనుము వంగిపోయింది, దాన్ని పీకలేక, ఎడమచేతికి అడ్డంగా ఉంటే సరిగా పోరాడలేక, చాలామంది డాలు పారేసి ఉత్త ఒంటితో నిలబడ్డారు. అంతకుముందు రోమన్ సేనాని మారియుస్ ఇనుమును కర్రకు బిగించే రెండు ఇనుప మేకుల్లో ఒకటి తీసి చెక్కమేకు పెట్టించాడని ప్లూటార్క్ చెబుతాడు, తగిలాక కర్ర వాలిపోయి శత్రువుకు పనికిరాకుండా. ఇంత ప్రత్యేకమైనదాన్ని ఈటె అనేస్తే ఆ పేరా అర్థం కాదు. మొదటిసారి "పీలుం అనే విసురుడు ఈటె" అని చెప్పి, ఆ తర్వాత పీలుం అనే రాయండి.

మతారా, గేసుం గాల్ మాటలు. లాంకెయా స్పెయిన్ మాట అని వర్రో అన్నట్టు మరో రోమన్ రచయిత గెల్లియుస్ రాశాడు. టాసిటస్ జర్మన్ల ఈటెను చెప్పేటప్పుడు "వాళ్ల మాటలో ఫ్రామెయా" అని ప్రత్యేకంగా అంటాడు. అంటే అవి రోమన్ పాఠకుడి చెవికి కూడా పరాయి మాటలుగానే వినబడేవి. మన పాఠకుడికీ అలాగే వినబడనివ్వండి. ముఖ్యంగా త్రాగులా. ఐదో పుస్తకంలో, క్రీ.పూ. 54 చలికాలంలో, నెర్వీలు అనే జాతి ముట్టడించిన రోమన్ శిబిరానికి సీజర్ ఉత్తరం పంపుతాడు. దాన్ని త్రాగులా తోలుపట్టీకి కట్టి విసిరితే వెళ్లి బురుజుకు గుచ్చుకుంది. రెండు రోజులు ఎవరూ చూడలేదు, మూడోరోజు ఒక సైనికుడి కంటపడింది. ఉత్తరం మోసింది గాల్ వాళ్ల ఈటె కనుక ఆ పేరు అక్కడ ఉండాల్సిందే.

హన్మకొండ_చిన్నోడు
ముట్టడి యంత్రాల సంగతి కూడా చెప్పండి మాస్టారూ. బాలిస్టిక్ మిసైల్‌లో ఉన్నది బల్లిస్తాయేనా?

లాటిన్‌పంతులు
అదే. గ్రీకులో బల్లెయిన్ అంటే విసరడం, అందులోంచి బల్లిస్తా. మనవాళ్లు మిసైల్‌కు పెట్టిన క్షిపణిలో కూడా క్షిప్, విసరడమే ఉంది. "బాలిస్టిక్ క్షిపణి" అన్నప్పుడు విసరడం అనే మాట రెండుసార్లు వస్తుంది. కాతాపుల్తా కూడా గ్రీకుదే. వీటన్నింటికీ కలిపి రోమన్ల సొంత పేరు తోర్మెంతుం, మెలిపెట్టడం అనే ధాతువు నుంచి, ఎందుకంటే నరాలు, వెంట్రుకలు పేనిన తాళ్లను మెలిపెట్టడమే వాటి బలం. నాలుగో శతాబ్దంలో రాళ్లు విసిరే యంత్రానికి ఓనగేర్, అంటే అడవిగాడిద, అని పేరొచ్చింది. తరుముతుంటే అది వెనక్కాళ్లతో రాళ్లు తన్నుతుందట, ఆ కాలపు రోమన్ చరిత్రకారుడు అమ్మియానుస్ చెప్పిన కారణం ఇది. అంతకుముందు దాన్నే స్కోర్పియో, తేలు, అనేవారని కూడా ఆయనే రాశాడు.

అక్షరవనం గారూ, ఇక్కడ జాగ్రత్త. సీజర్ స్కోర్పియో అన్నప్పుడు ఈ రాళ్ల యంత్రం కాదు, బాణం కొట్టే చిన్న యంత్రం. ఏడో పుస్తకంలో క్రీ.పూ. 52లో గాల్ వాళ్ల కోటపట్నం అవారికుం ముట్టడి చూడండి. కోటవాకిలి ముందు ఒక గాల్ మనిషి, చేతికి చేతికి అందిస్తున్న కొవ్వు, తారు ముద్దలు తీసుకుని రోమన్ బురుజు దగ్గరి మంటలో వేస్తున్నాడు. స్కోర్పియో బాణం కుడిపక్క తగిలి పడిపోయాడు. పక్కవాడు ఆ శవాన్ని దాటి వచ్చి అదే పని చేశాడు, వాడూ అలాగే పోయాడు. మూడోవాడు, నాలుగోవాడు వచ్చారు. మంట ఆరి పోరు ముగిసేదాకా ఆ చోటు ఖాళీ కాలేదు. తన కళ్లముందు జరిగిందని, రాయకుండా వదలకూడదనుకున్నానని సీజరే అంటాడు. "రాళ్ల యంత్రం" అని రాస్తే ఈ ఘట్టం మొత్తం దెబ్బతింటుంది.

అక్షరవనం
"స్కోర్పియో అనే బాణాల యంత్రం" అని రాస్తాను మాస్టారూ. అవారికుం భాగం ఈ వారాంతంలో ముగించి ఇక్కడే పెడతాను, మాటలు మీరు, శబ్దశోధిని గారు ఒకసారి చూడాలి.

శబ్దశోధిని
పెట్టండి. పక్కనే లాటిన్ వాక్యం కూడా తెలుగు లిపిలో ఇస్తే చూడటం తేలిక.